జేబులో ఏనుగు

తాండూరులో రాళ్ల పాలిష్ మిషన్ నడిపే ఉస్మాన్‌కు చదరంగంలో రేటింగ్ రెండు వేల పది. ఆ రెండు వేలు ఎక్కడ జారిపోతాయోనని ఐదేళ్లుగా ఒక్క టోర్నమెంటుకూ పోలేదు. చూస్తే నాకు ఒళ్లు మండేది.

నేను బీరయ్యను, ఆటో నడుపుతాను. నా రేటింగ్ పద్నాలుగు వందల నలభై. ఇరవై ఏళ్లుగా సాయంత్రమైతే బస్టాండు పక్క చాయ్ హోటల్లో ఇద్దరం బోర్డు పరుస్తాం. ఆట మొదలుకాక ముందే ఉస్మాన్ తన ఏనుగునొకదాన్ని తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు. అది లేకపోయినా నన్నే ఓడిస్తాడు, మహానుభావుడు!

"టోర్నమెంటుల నీ అసొంటోన్ని గెలిస్తే నాకు ఒకటిన్నర పాయింట్లొస్తయి. డ్రా అయితే ఎనిమిది పోతయి, ఓడితే పద్దెనిమిది" అనేవాడు. "మన నడుమ తేడా ఐదు వందల డెబ్బై ఉన్నా నాలుగు వందలే పట్టుకుంటరు. వంద ఆటలాడితే నువ్వు ఎనిమిదే గెలుస్తవని గా లెక్క."

"నువ్వు నమ్మవా, భాయ్?"

నవ్వేవాడు. ఆ నవ్వే నాకు గుచ్చుకునేది.

మొన్న జనవరిలో వికారాబాద్‌లో పోటీ పెడితే, బతిమాలి రైలెక్కించాను. మొదటి రౌండులో పెద్ద రేటింగు వాళ్లకు చిన్న రేటింగు వాళ్లను జత వేశారు. అతనికి నేనే తగిలాను. ఖర్మ! కూర్చోగానే అలవాటుకొద్దీ ఏనుగు మీదికి పోయిన చెయ్యిని టక్కున వెనక్కి తీసుకున్నాడు.

ముప్పయ్యో ఎత్తుకల్లా అతని గుర్రం ఇరుక్కుపోయింది. గెలుపు నాదేనని ఇద్దరికీ తెలుసు. సంతోషం రాలేదు సరికదా, భయమేసింది. రెండు వేలు పోతే ఈ మనిషి మళ్లీ బోర్డు ముట్టడేమో! డ్రా అయితే ఆ రెండు వేలు మిగులుతాయి.

"డ్రా, భాయ్?" అన్నాను మెల్లగా.

ఉస్మాన్ ముఖం ఎర్రబడింది. "ఇరవై ఏండ్లు నేను నీకు ఏనుగిచ్చిన. గిప్పుడు నువ్వు నాకిస్తున్నవా? ఆడు!"

ఆడాను. గెలిచాను. చెయ్యి కలిపి లేచిపోయాడు. పోటీ ముగిసేసరికి రెండు వేల కిందికి దిగిపోయాడు. తిరుగు రైలులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం రాడనుకున్నాను. వచ్చాడు. పావులన్నీ పేర్చాడు.

"ఏనుగు జేబుల పెట్టు, భాయ్."

"ఎందుకు? ఇగ గదీ ఆడుతది. జర చూసుకొని ఆడు, బీరయ్యా."

ఇరవై రెండు ఎత్తుల్లో ఓడిపోయాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడలేదు.