కాక జీపులో నల్లటి నేల

మా కాక పోయాడన్న కబురు మంగళవారం పొద్దున దుకాణంలో ఉండగా వచ్చింది. కుట్టుమిషన్ మీద ఒక కారు సీటు కవరు సగంలో ఉంది. ఫోనులో చిన్నమ్మ. "బిడ్డా, మీ కాక పోయిండే" అంది, ఆ తర్వాత ఏడుపే. బోధన్ దగ్గర మా ఊళ్లో చెరుకుకు నీళ్లు పెట్టడానికి వెళ్లినవాడు, ఛాతీ పట్టుకుని గట్టు మీదే కూర్చుండిపోయాడట. పక్క చేనువాళ్లు ఆటో తెచ్చేసరికే అయిపోయిందట. ఎందరినో తన జీపులో దవాఖానకు చేర్చిన మనిషి. ఆయన వంతు వచ్చేసరికి జీపు వాకిట్లోనే ఉంది, నడిపేవాళ్లు లేరు.

నాకు వెంటనే ఏడుపు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పటికి ఎనిమిది నెలలుగా ఆయనతో నాకు మాటల్లేవు. ఆయన పలకరించేవాడు, నేనే మూతి ముడుచుకున్నాను. కొట్లాట దేనికో చెబితే మీరు నవ్వుతారు. జీపు లోపలి కార్పెట్ కోసం.

కాక అంటే మా బాపు తమ్ముడు. నేను నిజామాబాద్‌లో కార్లకు, జీపులకు సీటు కవర్లు కుడతాను, లోపల కార్పెట్ వేస్తాను. ఆడమనిషి దగ్గరికి బండి ఎవరు తెస్తారని మా ఇంట్లోనే అన్నారు. దుకాణం తెరిచిన వారం దాకా ఒక్క బండీ రాలేదు. అప్పుడు కాక తన పాత జీపు తెచ్చి గుమ్మం ముందు ఆపి, రెండుసార్లు హారన్ కొట్టి, "ముసల్దాన్ని తెచ్చిన బిడ్డా, మంచి చీర కట్టు" అన్నాడు. జీపును ఆయన ముసల్ది అనే అనేవాడు. బురద బాటల్లో తిరిగే బండి అది. చెరుకు కొట్టేవాళ్లు, పసుపు ఉడకబెట్టేవాళ్లు, భీమ్‌గల్ జాతరకు పోయేవాళ్లు, అందరూ అందులోనే. అటువంటి బండికి నేను మెరూన్ రంగు మఖ్మల్ కవర్లు కుట్టి, అంచుకు బంగారు రంగు దారం వేశాను. కింద అదే రంగు కార్పెట్. అది నా చేతి మొదటి పని. ఆయన దాన్ని ఊరంతా తిప్పి చూపించాడు. ఆ తర్వాతే నాకు బండ్లు రావడం మొదలైంది. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ జీపు పెట్టిందే.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. తలుపు వేశాక మళ్లీ ఒకసారి లాగి చూసేవాడు. జీపు స్టార్టు కాకపోతే ఎక్కినవాళ్లనే కసిరేవాడు, "ముసల్దానికి జర టైం ఇయ్యున్రి, మీ అవ్వ గిట్ల లేస్తదా పిలువంగనే?" అని. రోగులను తీసుకొచ్చినప్పుడు మాత్రం దారంతా వాగుతూనే ఉండేవాడు. పంటలు, వానలు, నా నోరు. "మా బిడ్డ నాలుక సూది లెక్కుంటది, కానీ కుట్టు మంచిగ వడ్తది" అని నన్ను తెలియని మనుషులకు కూడా చెప్పేవాడట.

పోయిన వానాకాలం ఒక ఆదివారం ఊరికి వెళ్లాను. వాకిట్లో తాటిపత్రి పట్టా మీద జీపు సీట్లు ఊడదీసి ఉన్నాయి. నా కవర్లు లేవు, ఉత్త రెక్సిన్. బండి లోపల కాక మోకాళ్ల మీద కూర్చుని గరుకు కాగితంతో రేకును రుద్దుతున్నాడు. చుట్టూ న్యూస్‌పేపర్లు, టేపు.

"ఏంది కాకా ఇది?"

"బెడ్ లైనర్ కొడుతున్న బిడ్డా. పికప్ బండ్ల ఎనుక డబ్బాకు నల్లగ కొడ్తరు సూడు, గదే. గీకినా పోదు, నీళ్లు వడ్డా తుప్పు రాదు."

"నా కార్పెట్ ఏది?"

"ఎలుకలు కొరికినయ్."

"మరి కవర్లు?"

ఒక సంచీ చూపించాడు. కవర్లన్నీ మడతపెట్టి ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ విప్పి వెలుతురుకు పట్టి చూశాను. ఒక్క పోగు కూడా పోలేదు.

"మఖ్మల్ ఇడిసిపెట్టి కార్పెట్ ఒక్కటే తిన్నయా? గంత తెలివి గల్ల ఎలుకలా?"

మామూలుగా అయితే ఈ మాటకు పగలబడి నవ్వేవాడు. నవ్వలేదు. రుద్దుతూనే ఉన్నాడు. "నున్నగున్నదానికి ఏదీ అతకది బిడ్డా, జర గరుకుండాలె" అన్నాడు, నేనేదో పని నేర్చుకోవడానికి వచ్చినట్టు. రేకు మెరుపంతా పోయేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక థిన్నరుతో మళ్లీ తుడిచాడు. రెండు డబ్బాల్లోని మందు ఒకదాంట్లో కలిపి, గట్టిపడేలోగా అయిపోవాలని హడావుడిగా రోలరు దొర్లించాడు. నల్లగా, తారులాగా పరుచుకుంది. వాసనకు చిన్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆయనను తిట్టింది. నేను సంచీ పట్టుకుని బస్సెక్కేశాను.

నాలుగు రోజులకు ఫోను. "బిడ్డా, సీట్లు కూసుంటలేవే." అన్నిటికీ టేపు వేసిన మనిషి సీటు బోల్టుల రంధ్రాలు మూయడం మరిచాడు. కోటింగ్ మరల్లోకి దిగి రాయిలా గట్టిపడింది. నా పనిముట్లు తీసుకుని వెళ్లాను. బోర్లా పడుకుని ఒక్కో రంధ్రం తొలిచాను. ఆయన పక్కన టార్చి పట్టుకున్నాడు. పని అయ్యాక లేచి నిలబడి అన్నాను, "నా పని మీద తారు పూసినవ్ కాకా. ఇగ నా దుకాణం మెట్లెక్కకు."

"నీ పని మీద కాదు బిడ్డా" అని ఆగిపోయాడు.

మరి దేనిమీద అని నేను అడగాలి కదా? అడగలేదు. ఆ రోజు ఆ ఒక్క మాట అడగనందుకు ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఆ తర్వాత కూడా ఆయన నిజామాబాద్ వచ్చినప్పుడల్లా దుకాణం ముందు రెండుసార్లు హారన్ కొట్టేవాడు. మెట్ల మీద మక్కకంకులో, చెరుకు ముక్కలో పెట్టి పోయేవాడు. మెట్టు ఎక్కేవాడు కాదు, వద్దన్నాను కదా. ఒకసారి కింద నిలబడే, "ఒక్కపారి బండెక్కి సూడవే, కాలు గూడ జారది" అన్నాడు. నేను వినపడనట్టు మిషన్ జోరు పెంచాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. బతికుండగా నేను ఆయనను చివరిసారి చూసింది అదే, అదీ వీపు.

పదో రోజు దినాలకు బంధువులంతా ఇంట్లో ఉన్నారు. ఒకామె మాత్రం లోపలికి రాకుండా జీపు దగ్గరే నిలబడి ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో, కైకిలికి, కూలిపనికి పోయే మనిషి. నేను బయటికి రాగానే అడిగింది.

"నువ్వేనా అక్కా, సీట్ల కవర్లు కుట్టేది?"

అవునన్నాను. ఆమె ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. పోయిన వానాకాలం నాట్లప్పుడు ఆమెకు ఐదో నెల. పొలంలోనే రక్తం పోవడం మొదలైంది. ఆమె పెనిమిటి పరుగెత్తుకొచ్చి కాకను పిలిచాడు. కాక నిజామాబాద్ పెద్దాసుపత్రికి చేర్చాడు. "నా పాణం దక్కింది. లోపటి పాణం దక్కలే" అంది.

"గిట్ల పోవుడు గది మూడోది అక్కా. ఊళ్లె తెలిస్తే ఏమంటరో నీకెరుకే. ఎవ్వలకు చెప్పకు కాకా అని కాళ్లు మొక్కిన. ఇరువై దినాలకు నడువ శాతనైంది. బకెటు, సబ్బు, బురుసు వట్టుకొని వచ్చిన, కార్పెట్ కడుగుదామని. కాక తలుపు తీసి చూపెట్టిండు. నల్లగ, మంచిగుండె. బిందెడు నీళ్లు తెచ్చి కుమ్మరించిండు. 'సూడు, ఏడన్న మరక ఉన్నదా? ఇగ ఎవ్వలెక్కినా గింతే, నీళ్లు వోస్తె పోతది. నువ్వు మర్చిపో బిడ్డా' అన్నడు."

"నాకు చెప్పొచ్చు గదా" అన్నాను. ఎవరిని అన్నానో నాకే తెలియదు.

"నీ కోపం సంగతి చిన్నమ్మ చెప్పింది. నేనే అన్న, అక్కకు చెప్పు కాకా అని. ఇనలే. 'మా బిడ్డ కోపం ఎన్నటికన్న పోతది. నీ మాట బయటికి పోతే మల్ల తేగలుగుతమా' అన్నడు. ఇప్పుడు కాక లేడు. నీకు కోపం గట్లనే ఉండిపోతదేమోనని వచ్చిన."

ఇది నలుగురూ చదివేలా రాయనా అని అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించింది. తన పేరు, ఊరు రాయొద్దని, కాక గురించి రాయమని అంది. అందుకే ఈ నాలుగు మాటలు.

అయితే ఆ రోజు ఇంకో మాట అడిగాను. కుట్టేవాళ్ల బుద్ధి ఎక్కడికి పోతుంది? నేను వెలుతురుకు పట్టి చూసిన కవర్లు గుర్తొచ్చాయి. "మరి సీట్ల మీద ఒక్క మరక గూడ లేకుండె, ఎట్ల చెల్లె?"

ఆమె తల దించుకుంది.

"సీటు మీద పండుకో, పండుకో అని కాక మొత్తుకున్నడు. నేనే ఇనలే అక్కా. మఖ్మల్ గంత మంచిగుండె, బంగారు దారం గూడ. ఖరాబైతదని భయమైంది. కిందనే కూసున్న, నిజామాబాద్ దాక."

పది రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. నా చేతి పని చూసి భయపడి, రక్తం పోతున్న మనిషి కింద కూర్చుంది. ఆ సంగతి నాకు తెలియకూడదనే కాక నెపం ఎలుకల మీద పెట్టాడేమో. ఆమె మాట దాస్తూ నన్నూ కాపాడాడేమో. ఇక ఎవరిని అడగను?

జీపు తలుపు తీశాను. ఎక్కు చెల్లె అంటే ఎక్కి, అలవాటుగా కిందికి వంగబోయింది. చెయ్యి పట్టుకుని సీటు మీద కూర్చోబెట్టాను. నేను ఆమె కాళ్ల దగ్గర, ఆ నల్లటి నేల మీద చతికిలబడ్డాను. అరచేతుల కింద గరుకు తగులుతోంది. లోపలి నుంచి చిన్నమ్మ అన్నానికి పిలుస్తోంది. ఇద్దరం కదల్లేదు.