ఆయీకి చెప్పని మాట

ఆ వీధిలో ఆమెను అందరూ దుబాసీ వదిన అనేవారు. పుట్టింది తెలుగింట్లో, మెట్టింది మరాఠీ ఇంట్లో, ఇంగ్లీషు బళ్లో నేర్చుకుంది. ఇంకేముంది, భాష తెలియక ఎవరికి పేచీ వచ్చినా ఆమె గుమ్మం దగ్గరే తేలాలి. కుట్టుపనామె కస్సుమని, "నీ నోట్లో నోరు పెట్టలేనమ్మా" అంటే, మరాఠీ ఇంటావిడకు "మీతో మాట్లాడుతుంటే పొద్దే తెలియదట" అని చేరేది. ఇద్దరూ నవ్వుకుంటూ ఎవరిళ్లకు వాళ్లు పోయేవారు. దుబాసీతనమంటే అదీ మరి! పాపం, ఆ అలవాటే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

భర్త గడియారాలు బాగుచేసేవాడు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. కిటికీ కింద బల్ల, దాని అంచుకు మరలు దొర్లిపోకుండా సన్నటి చెక్క పట్టీ. కంటికి భూతద్దం బిగించి, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో దించేటప్పుడు అతను ఊపిరి బిగబట్టేవాడు. ఆ కాసేపు ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. అది అతని తల్లి పెట్టిన చట్టం. ఆమెను కోడలు కూడా ఆయీ అనే పిలిచేది. మరాఠీలో అమ్మ అన్నమాట. ఆయీకి మరాఠీ తప్ప మరో ముక్క రాదు. కానీ బాగైన ప్రతి గడియారమూ ముందు ఆమె చెవికి వినిపించాల్సిందే. ఆమె తల ఊపాకే అది కొట్టు గడప దాటేది.

అలాంటివాడి చేతులు వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు దగ్గర, తర్వాత చొక్కా గుండీల దగ్గర, చివరికి బల్ల దగ్గర. ముగ్గురూ పెద్దాసుపత్రికి వెళ్లారు. ఆయీని బయట బెంచీ మీద కూర్చోబెట్టి మొగుడూ పెళ్లాం లోపలికి వెళ్లారు. డాక్టరు చేతులు చాపించాడు, గీతలు గీయించాడు, చివరికి ఇంగ్లీషులో "డిసేబ్లింగ్" అన్నాడు.

"అంటే ఎంతవరకు సార్?" అంది ఆమె.

"ప్రాణానికి ఏం కాదమ్మా. కానీ చేతుల్ని పనికి రాకుండా చేసే జబ్బు. మందులతో కొంత తగ్గచ్చు. ఆ సన్నపని మాత్రం ఇక మర్చిపోవాలి."

బయటికి రాగానే ఆయీ లేచి నిలబడింది. డాక్టరు ఏమన్నాడని అడిగింది.

ఆ మాటకు మరాఠీలో మాట లేక కాదు. అవిటి అనే అర్థంలో అపంగ్ అనచ్చు. పనికిరాని అనే అర్థంలో నికామీ అనచ్చు. కానీ అడుగు మాడిన గిన్నెనీ, ఊచలు విరిగిన గొడుగునీ చూసి ఆయీ రోజూ అనే మాట నికామీ. అని, వీధి చివర పడేసి వచ్చేది. ఆ మాటను ఆమె కొడుకుకు అంటించడానికి కోడలికి నోరు రాలేదు. భర్త కూడా "అమ్మకి చెప్పకు" అన్నట్టు చూశాడు.

"హాత్ దమలేత్" అనేసింది. చేతులు అలిసిపోయాయి, అంతే.

ఆయీ మొహం వెలిగిపోయింది. అలసటేనా! ఆ మాత్రానికి ఇంత పెద్ద ఆసుపత్రెందుకని కోడల్ని కసిరింది కూడా.

మర్నాటి నుంచి పొద్దున్నే నూనె వెచ్చచేసి, కొడుకు చేతుల్ని ఒళ్లో పెట్టుకుని మర్దనా చేసేది. ఆ జబ్బు తీరు ఎంత పాడుదంటే, చేతులు ఏ పనీ లేకుండా ఆనుకుని ఉన్నంతసేపూ వణుకు ఉండదు. దేన్నయినా పట్టుకోబోయినా, గాలిలోకి చాపినా మొదలు. ఆయీ ఎదుట అతను గ్లాసు కూడా ముట్టేవాడు కాదు; ఆమె ఒళ్లో అవి బుద్ధిగా పడుకునేవి. "చూశావా, ఎలా కుదురుకుంటున్నాయో!" అని ఆమె కోడలికి చూపించి మురిసిపోయేది. కోడలు వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకునేది.

"ఏమండీ, ఇవాళైనా చెప్పేద్దామండీ. ఆవిడ ఆశ చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది."

"రేపు చెబుదాంలే" అనేవాడు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

ఒకరోజు ఆయీ పెట్టె అడుగు నుంచి తన భర్త చేతి గడియారం తీసింది. ఏనాడో ఆగిపోయింది. ఊరందరి గడియారాలూ చూసేవాడికి ఇంటి గడియారానికి తీరికేది? చేతులు బాగా కుదురుకున్నాయి కదా, మొదటి పని తండ్రిదే కావాలని తెచ్చి కొడుకు ముందు పెట్టింది. అతను భార్య వైపు చూశాడు. ఆమె చూపు తప్పించి, బల్ల మీది దుమ్ము కొంగుతో తుడవసాగింది.

అతను బల్ల ముందు కూర్చుని భూతద్దం బిగించాడు. తల్లి వెంటనే పొయ్యి మీది గిన్నె దించేసి, చప్పుడు చేయకుండా పక్కన నిలబడింది. ఎలాగో వెనక మూత తెరిచాడు. పట్టకారు లోపలికి వెళ్లగానే వణుకు అందుకుంది. ఊపిరి బిగబట్టాడు. ఇంకా ఎక్కువైంది. పట్టకారు స్ప్రింగుకు తగిలి, దాన్ని పీకి, చిక్కుముడి చేసి పడేసింది.

అతను పట్టకారు వదిలేసి, "నావల్ల కాదు ఆయీ. ఇక ఎప్పటికీ కాదు" అని వలవలా ఏడ్చేశాడు.

ఆయీ కోడలి వైపు తిరిగింది. ఆ మొహంలో కోపం లేదు, అదే కోడలిని భయపెట్టింది.

"నికామీ?" అని మెల్లగా అడిగింది.

కోడలు తలూపింది. "తప్పైపోయింది ఆయీ" అని కాళ్ల దగ్గర కూలబడింది. ఆయీ గడియారాన్ని, ఊడిన ముక్కలతో సహా కొంగున ముడివేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు నూనె వెచ్చచేయలేదు. గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ఆ పనికిమాలిన నూనెతో ఇన్నాళ్లూ కొడుకును ఏడిపించానే అని కుమిలిపోతున్నట్టుంది.

కాసేపటికి కొడుకే వెళ్లి చాప మీద కూర్చున్నాడు. చేతులు రెండూ ముందుకు చాపాడు; గాలిలో గజగజలాడుతున్నాయి.

"పట్టుకో ఆయీ," అన్నాడు. "రోజు మొత్తంలో ఇవి ఆగేది నీ ఒళ్లోనే."

ఆయీ లేచి కూర్చుని, వాటిని ఒళ్లోకి లాక్కుంది. కోడలు వంటింట్లోకి వెళ్లి పొయ్యి మీది గిన్నె దించి, చప్పుడు చేయకుండా నిలబడింది.