ఇద్దరు అల్లుళ్లు, ఒక నీళ్ల జీపు

మా మామ బెంగళూరులో మిలిటరీ వాళ్ల వేలానికి పోయింది బావికి ఆయిల్ ఇంజను కొనడానికి. లారీలో వేసుకొచ్చింది మాత్రం వేరే. ముందు నుంచి చూస్తే పడవ, పక్క నుంచి చూస్తే జీపు, వెనక అడుగున ఒక ఇనప ఫ్యాను. యుద్ధం నాటి బండి, నేల మీదా పోతుంది, నీళ్లలోనూ పోతుంది అని చెప్పి అమ్మారట. డెబ్బైల చివరి సంగతి ఇది. పుంగనూరు పక్కన మామ వాళ్ల ఊరి చెరువు అప్పటికి ఎండిపోయి పగుళ్లు చూపిస్తోంది.

"తాగేదానికి నీళ్లు ల్యావు, ఈయప్ప పడవ తెచ్చినాడు సూడు" అని ఊరంతా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మదనపల్లె బస్టాండు వెనక నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. జీపులంటే నాకు ప్రాణం. తుప్పు పట్టిన ఆ బండి చుట్టూ తిరిగి, కింద దూరి చూసి, ఇది నా చేతిలో పడాల్సిందే అనుకున్నాను. పెద్దల్లుణ్ణి, మెకానిక్‌ని, ఇంకెవరికి ఇస్తాడు?

మామ భోజనాల దగ్గర తీర్పు చెప్పేశాడు. "ఇంజను పెద్దల్లుడు సూసుకుంటాడు. గేర్లు, షాఫ్టులు, కిందిదంతా చిన్నల్లుడికి ఇడుస్తాం."

చిన్నల్లుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. కోలారు గనుల వైపు పని నేర్చుకొచ్చి కుప్పంలో ఇనుము తరిగే లేతు మిషను పెట్టుకున్నాడు. నాకన్నా చిన్నవాడు. నన్ను నోరారా "అన్నా" అని పిలిచేవాడు. ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. తప్పు పట్టడానికి చిన్న సందు కూడా ఇవ్వని మనిషి, అదే నాకు బాధ. అత్త కోడి కోస్తే కార్జం ముక్క అతని కంచంలో పడేది. ఆమె కావాలని వేసేదో, గరిటెకు అలా తగిలేదో తెలియదు. నా కళ్లు మాత్రం నా సంగటి మీద కాక ఆ కంచం మీదే ఉండేవి.

ఆదివారాల్లో బస్సెక్కి పుంగనూరు పోయేవాణ్ణి. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు తీసి లోపలికి కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి వారాల తరబడి నానబెట్టాను. అది కదలగానే విప్పి, వాల్వులు అరగదీసి, కార్బురేటరు కడిగి, మళ్లీ అంతా బిగించాను. ఒకరోజు మధ్యాహ్నం హ్యాండిల్ వేసి తిప్పితే దగ్గింది, పొగ కక్కింది, ఆడింది. ఏళ్ల తరబడి మూగబోయిన ఇంజను! చేతులు తుడుచుకుంటూ మామకోసం చూశాను. పశువుల కొట్టం దగ్గర ఆవు తప్ప ఎవరూ లేరు.

"మామ యాడికి పోయినాడు?" అని అత్తను అడిగాను.

"చిన్నల్లుడు కుప్పం నుంచి వస్తాండాడంట. బస్టాండుకు పోయినాడు నాయనా" అంది.

ఇంజను ఆపేశాను. మామ వచ్చాక మళ్లీ స్టార్ట్ చేసి చూపించాను గానీ, రెండోసారి అంత బాగా అనిపించలేదు.

కింది పనిలో ఒక చిక్కు వచ్చింది. ఇంజను బలాన్ని చక్రాలకూ వెనక ఫ్యానుకూ పంచే పెట్టె ఒకటి ఉంటుంది. అందులో ఫ్యాను తిప్పే గేరుకు పళ్లు రాలిపోయాయి. అది నా పని కాదు. అయినా ఎవరికీ చెప్పకుండా బెంగళూరు పోయి పాత ఇనప సామాను బజారంతా తిరిగాను. దొరికితే తోడల్లుడికంటే ముందు తెచ్చి మామ చేతిలో పెట్టాలని. దొరకలేదు.

అతను దాన్ని చేసుకొచ్చాడు. విరిగిన లారీ యాక్సిల్ ఉక్కును తరిగి, పాత పనిచోటు స్నేహితుల సాయంతో పళ్లు కోయించి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచి, గుడ్డలో చుట్టి పుంగనూరు తెచ్చాడు.

"ఎట్లుండాదో సూడన్నా. నువ్వు సూస్తేనే నాకు ధైర్యం" అని నా చేతిలో పెట్టాడు.

పంటి పంటికీ వేలు రాసి చూశాను. తప్పు వెతికాను. లేదు. అంత చక్కటి పని నా జన్మలో చేయలేదని నా వేలికి తెలిసిపోయింది.

"ఉండాదిలే" అన్నాను.

షాఫ్టులు పడవ గోడలోంచి బయటికొచ్చే చోట నీళ్లు దూరకుండా రబ్బరు తొడుగులు కూడా అతనే లారీ ట్యూబులతో కుట్టాడు. మరుసటేడు వానలు కుమ్మేశాయి. చెరువు కట్టంచు దాకా నిండింది. బండిని నీళ్లలోకి దించే రోజు చుట్టుపక్కల ఊళ్ల జనం కట్ట మీద చేరారు.

"స్టీరింగు చిన్నల్లుడు పట్టుకోనీ. పెద్దాయప్ప పక్కన కూర్చుంటాడు" అన్నాడు మామ.

కూర్చున్నాను. మొహం ఎలా పెట్టుకున్నానో దేవుడికే తెలియాలి. బండి నేల వదిలి నీళ్లమీద తేలగానే కట్ట మీద ఈలలు, కేకలు. ఫ్యాను నురగ చిమ్మింది. అందరి కేకల్లోనూ నాకు అతని పేరే వినబడింది.

చెరువు నడిమికి పోయాక ఇంజను రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

ఆగింది గేరు కాదు, ఇంజను. నా పని. అడుగున ఎక్కడో సన్నగా ఊరుతున్న నీళ్లు మా పాదాల దగ్గరకు చేరుతున్నాయి. ఇంజను ఆగితే నీళ్లు తోడే పంపు కూడా ఆగినట్టే.

కట్టమీంచి మామ అరిచాడు. "ఏమాయప్పా? యాల నిలిపినారు?"

అతను లేచి నిలబడి చెయ్యి ఊపాడు. "ఏం ల్యా మామా! మేమే నిలిపినాం! పంపు సూస్తాండాం!"

తర్వాత నా వైపు వంగి మెల్లగా, "నీకు తెలిసిందే కదన్నా. నువ్వు సూడు, నీళ్లు నేను తోడతా" అన్నాడు.

డబ్బా తీసుకుని తోడటం మొదలుపెట్టాడు. నేను కార్బురేటరు విప్పాను. పాత ట్యాంకులోని తుప్పు వచ్చి, పెట్రోలు చిమ్మే సన్నటి జెట్టులో ఇరుక్కుంది. నోటితో ఊదాను. నోరంతా పెట్రోలు. మళ్లీ బిగించి స్టార్టరు నొక్కితే అందుకుంది. అవతలి గట్టు దాకా పోయి చుట్టు తిరిగి వచ్చాం.

కట్ట ఎక్కగానే అతను అందరి ముందూ అన్నాడు. "అన్న ల్యాకుంటే ఈపొద్దు నడిచెరువులోనే ఉండిపోతా ఉంటిమి."

జనం నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. పక్కన ఒక ముసలాయన, "ఎంత మంచోడప్పా ఈ చిన్నల్లుడు, పెద్దోళ్లకు గౌరవమిస్తాడు" అన్నాడు. అత్త దిష్టి తీస్తూ ముందు అతని వైపే తిరిగింది. నా పరువు కాపాడినవాడి మీద నాకు కృతజ్ఞత పుట్టాలి. పుట్టింది కూడా. దాని పక్కనే అసూయ అంతకు రెట్టింపు లేచి కూర్చుంది. పనిలో మించిపోయాడు, సరే. మంచితనంలో కూడా నాకింత చోటు మిగల్చలేదే అనిపించింది.

ఆ తర్వాత చెరువు మళ్లీ ఎండింది. బండి కొన్నేళ్లు టమాటా గంపలు మోసింది. ఎనభైల్లో కుప్పం చుట్టూ రాతి పని పెరిగింది. అతను రాళ్లు కోసే మిషన్లు బాగుచేస్తూ బాగా సంపాదించాడు. మామ ముసలివాడయ్యాక, బండి ఎవరికి కావాలో చెప్పండని మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి అడిగాడు.

"అన్నకియ్యి మామా. దానికి ప్రాణం పోసింది అన్నే" అన్నాడు అతను.

"నాకొద్దు" అన్నాను వెంటనే.

మదనపల్లెకు తిరిగొచ్చే దారిలో నా భార్య కోపంగా అడిగింది. "నీకు దానిమీద ఎంత ఆశో నాకు తెలుసు. యాల వద్దంటివి?"

"ఆయప్ప ఇస్తే నేను తీసుకునేదేంది?" అన్నాను.

బెంగళూరు నుంచి ఎవరో పాత బండ్ల పిచ్చి ఉన్నాయన వచ్చి కొనుక్కున్నాడు. కొన్నాయన దాన్ని నడుపుకుంటూ పలమనేరు దారి పట్టినప్పుడు మేమిద్దరం రోడ్డుమీద నిలబడి చూశాం. తోడల్లుడు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను, అతని ముందు ఏడవదలచుకోలేదు. ఇద్దరం నడుచుకుంటూ పోయి బస్టాండు దగ్గర హోటల్లో కూర్చుని టీ తాగాం. లేచి నేను జేబులో చెయ్యి పెట్టేలోగా టీ డబ్బులు అతనే ఇచ్చేశాడు.