ముర్తుజా పోసిన ఎర్రనీళ్లు

నరసరావుపేటలో మా బజారున రేడియోలు బాగుచేసే ముర్తుజా చేతబడి చేస్తున్నాడని ఎనభై అయిదులో పుకారు లేచింది. అందులో నిజమెంతో నాకు తెలుసు కాబట్టి చెబుతున్నా.

పొద్దున్నే మా దొడ్లన్నీ తిరిగి ఎర్ర మందారాలు అడిగి కోసుకుపోయేవాడు. సాయంత్రానికి వాళ్ల గుమ్మం ముందు ఎర్రనీళ్లు కనపడేవి. ఎర్రనీళ్లంటే మాకు దిష్టి తీసి పారబోసినవే, తొక్కితే ఆ పీడ మనకు చుట్టుకుంటుంది. పక్కింటి కొండమ్మ మనవరాలు తొక్కింది, తెల్లారేసరికి జ్వరం. ఇంకేముంది, ముర్తుజాకి ఇల్లు అద్దెకిచ్చిన పెదకోటయ్య "ఇవాళే ఖాళీ చెయ్" అన్నాడు. పాడిగేదెతో సహా వస్తామంటే టౌనులో ఇల్లెవరిస్తారు? ముర్తుజా భార్య మైమూనా ఏడుపు వింటుంటే నాకు ముద్ద దిగలేదు.

నేనే వాళ్లింటికి పోయా. బల్ల మీద మందార రసంలో ముంచి ఆరేసిన కాగితాలు, చిన్న బల్బు, వెలుతురును బట్టి కదిలే మీటరు ముల్లు. పక్కన గిన్నెడు పాలు, నిమ్మకాయ పిండిన ఎర్రనీళ్లు.

"ఒరేయ్, పెదకోటయ్య తాళంకప్ప పట్టుకొని బయటే ఉన్నాడు. ఎవరికిరా ఈ దిష్టి?"

"పాలకి, పెద్దమ్మా! పులుపుంటే కాగితం ఎర్రబడుద్ది, ముల్లు జరుగుద్ది. పాలకేంద్రంలో ఆయన వాసన చూసి, పులిసినయ్యని మైమూనాని రోజూ తిప్పి పంపిస్తన్నాడు. నిజంగా పులిసినయ్యో లేదో తేలొద్దా? నిమ్మనీళ్లలో కాగితం ముంచి ముల్లు సరిచూసుకొని, ఆ ఎర్రనీళ్లు గుమ్మంలో పోశా, బుద్ధి లేక. ఇకనుంచి దొడ్లోనే పోస్తా. పెదకోటయ్య బాబాయికి నువ్వే చెప్పు, నా మాట వినడు."