ఫోన్‌లో ఉంది, టీవీలో లేదు

నా బిడ్డ మీద ఒట్టు వెయ్యమంటే వెయ్యను. అలాంటి ఒట్లు నాకు గిట్టవు. కానీ చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. జరిగింది నాకే... నా ఇంట్లోనే... నేను పూర్తి మెలకువలో ఉండగానే. మీరంతా అన్నాలు తినే వచ్చారు కదా? తినకపోతే మాత్రం ఇప్పుడు వినకండి. తర్వాత నన్ను తిట్టుకుంటారు.

తాండూరులో, పెద్దేముల్ పోయే రోడ్డు పక్కన ఇల్లు కట్టుకుని అప్పటికి రెండు నెలలు. మా ఆయన రవీందర్‌కి వికారాబాద్‌లో ఉద్యోగం. పొద్దున్నే రైలుకు పోతే చీకటి పడ్డాకే రావడం. ఇంట్లో నేను, ఆరేళ్ళ మా పాప మిన్ని. చుట్టూ ఇంకా చాలావరకు ఖాళీ ప్లాట్లే. వెనక నాపరాళ్ళు నిలబెట్టిన ప్రహరీ, దాని అవతల కంది చేను. మా వరసలోనే రెండిళ్ళలో బోరు మోటార్లు ఎత్తుకుపోయారు. అందుకే కెమెరాలు పెట్టించాలనుకున్నాం.

అక్కడ పడింది ఇద్దరికీ గొడవ. ఆయనకు వైర్‌లెస్ కావాలి. కొత్త గోడలకు డ్రిల్లింగ్ అంటే ఆయన గుండెకే రంధ్రం పెట్టినట్టు. నాకు వైరుదే కావాలి. మా వైఫై రోజుకు నాలుగుసార్లు పోతుంది. ఆ పోయినప్పుడే దొంగ వస్తే?

కెమెరాలు బిగించే యాదయ్య పెద్దమనిషి. నిచ్చెనకు ఆనుకుని మా వాదనంతా విన్నాడు.

"వైర్‌ది గోడ ఖరాబ్ చేస్తది గని మోసం చెయ్యదు చెల్లె. వైర్‌లెస్‌దైతే ఫోన్ల చూడొచ్చు, చప్పుడు ఇనొచ్చు, ఇంట్ల కూసోని బయటోనితోని మాట్లాడొచ్చు. వైఫై పోయిందా, గుడ్డిది. గింత దానికి లొల్లెందుకు? ఒక్కోటి పెడ్త. పది దినాలు చూడుండ్రి. ఏది మంచిగనిపిస్తే గదే ఉంచుకోండ్రి."

అలా మా పెరట్లో రెండు కెమెరాలు వచ్చాయి. వంటగది తలుపు మీద వైరుది. ఎదురుగా బాత్రూం గోడ మీద వైర్‌లెస్‌ది. ఒకటి ఇంకొకదాన్ని చూస్తూ ఉంటుంది. వైరు కెమెరాను పడకగదిలో చిన్న టీవీకి కలిపాడు. రెండోది నా ఫోన్‌లో.

ఆ రెండు గోడల మధ్య బోళ్ళు తోమే బండ. బండ పక్కన కుడితి బకెట్టు. మిగిలిన అన్నం, బియ్యం కడిగిన నీళ్ళు అందులో పోస్తే, పక్కింటి బుగ్గమ్మ వాళ్ళ బర్రెకు తీసుకుపోతుంది. ఆ వారం ఆమె కోట్‌పల్లిలో బిడ్డ దగ్గరికి పోయింది. బకెట్టు మూడు రోజులుగా అలాగే ఉంది. ఎండలు... పైన తెల్లటి నురగ. పులిసిన పప్పు. ఎలాగూ పారబొయ్యాల్సిందే కదా అని ఆ రాత్రి చేపల తలలు, ముళ్ళు కూడా అందులోనే వేశాను. మూత తియ్యగానే ముక్కు మూసుకున్నాను. పొద్దున పారబోద్దాంలే అని వచ్చేశాను.

ఆ రాత్రి ఆయన రాలేదు. పని పూర్తయ్యేసరికి రైలు దాటిపోయిందట. వికారాబాద్‌లో చెల్లెలింట్లో పడుకుంటానని ఫోన్ చేశాడు.

"తలుపులు మంచిగ ఏసుకో లతా."

వేసుకున్నాను. వంటింటి వెనక తలుపుకు మాత్రం గడియ ఇంకా పడలేదు. వడ్రంగి రేపు, మాపు అంటున్నాడు. కొక్కెం తగిలించి, అందులో స్క్రూడ్రైవర్ దోపాను.

ఎంత రాత్రి అయిందో... ఫోన్ టింగ్‌మంది. ఏదైనా కదిలితే అలా మోగుతుంది. పిల్లి అనుకున్నాను. మళ్ళీ టింగ్. మళ్ళీ...

ఫోన్ తీసి చూశాను.

బండ పక్కన ఎవరో గొంతుకూర్చున్నారు. కెమెరాకు వీపు పెట్టి. ఆడో మగో తెలియలేదు. వెన్నుపూసలు ఒక్కొక్కటి లెక్కపెట్టేంత బక్క వీపు. రెండు చేతులూ మోచేతుల దాకా బకెట్టులో...

తింటోంది.

నాకు ముందు భయం వెయ్యలేదు. నిజం చెబుతున్నా, ముందు వచ్చింది రోత. ఎందుకంటే చప్పుడు వినిపిస్తోంది. జుర్రు... జుర్రు... మధ్యలో ముళ్ళు కటకటా నలుగుతున్నాయి. ఆగి, గొంతులోంచి ఏదో లాగి, మళ్ళీ మింగుతోంది. నా నోట్లో నీళ్ళు ఊరాయి. వాంతి ముందు ఊరే నీళ్ళు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు టీవీ వైపు చూశాను.

టీవీలో బండ ఉంది. బకెట్టు ఉంది. ఎదురుగోడ మీద రెండో కెమెరా తెల్లటి చుక్కలా వెలుగుతోంది. మనిషి లేదు.

ఫోన్ చూశాను. ఉంది.

టీవీ చూశాను... లేదు.

మిన్ని నా పక్కనే పడుకుని ఉంది, నోరు తెరుచుకుని. నాకు స్క్రూడ్రైవర్ గుర్తొచ్చింది. అది దోపానా? దోపాననే అనుకుంటున్నా. కానీ ఆ క్షణంలో నమ్మకం పోయింది. లేచి వంటింట్లోకి పోయి చూడాలి. వంటింటి తలుపుకు అటు పక్క... ఆరడుగుల దూరంలో... అది.

పోయాను. లైటు వెయ్యలేదు. గోడ తడుముకుంటూ పోయాను. స్క్రూడ్రైవర్ ఉంది. చల్లగా తగిలింది. హమ్మయ్య అనుకుంటుండగానే తలుపు కింది సందులోంచి వాసన. కుడితి వాసన నాకు తెలుసు. ఇది అది కాదు. కడగని నోటి వాసన. వెచ్చగా... నా పాదాల మీద తగులుతోంది.

చేతిలో ఫోన్ అలాగే ఉంది. అందులో జుర్రుడు ఆగలేదు. నాకేమైందో... మాట్లాడే గుర్తు నొక్కి అనేశాను.

"ఛీ!"

కుక్కను అదిలించినట్టు. అంతే, ఒక్కటే మాట.

జుర్రుడు ఆగింది.

ఫోన్‌లో ఆ వీపు కదల్లేదు. కొంచెంసేపు... చాలాసేపు... తర్వాత బొమ్మ మొత్తం నల్లబడింది. వైఫై పోయిందనుకున్నాను. కానీ చప్పుడు వస్తోంది. ఊపిరి. చాలా దగ్గరగా. నలుపు మెల్లగా బూడిద రంగుకు తిరిగింది. తడిగా మెరుస్తూ ఏదో. దాని మీద చిన్న చిన్న బొడిపెలు. పైన వంకరగా, వరసగా, తెల్లటివి...

నాకు అర్థం కావడానికి సమయం పట్టింది.

పళ్ళు. కెమెరా నోట్లో ఉంది.

ఆ కెమెరా నాకు స్టూలెక్కితే గాని అందదు.

పడకగదిలోకి పరుగెత్తాను. టీవీలో పెరడు ఖాళీ. కానీ ఎదురుగోడ మీద తెల్లటి చుక్క లేదు. చూస్తుండగానే మళ్ళీ వెలిగింది. కొంచెం మసకగా. దాని చుట్టూ ఎవరూ లేరు... ఎవరూ...

ఫోన్‌ను బోర్లించి దిండు కింద పెట్టేశాను. పాపను ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. పక్క మీదే వాంతి అయింది. మంచం దిగలేదు.

పొద్దున పాల మనిషి వచ్చాకే వెనక తలుపు తీశాను. బకెట్టు తోమినట్టు ఉంది. నేను కూడా అంత శుభ్రంగా తోమను. చేప ముల్లు ఒక్కటి కూడా లేదు. స్టూలెక్కి కెమెరా చూశాను. అద్దం మీద జిగురు. తీగలుగా సాగుతోంది. అందులో ఒక మెతుకు.

ఆయన మొదటి రైలుకే వచ్చాడు. యాదయ్యను పిలిపించాడు. యాదయ్య వైరు కెమెరా రికార్డింగ్ మొదటి నుంచి తిప్పి చూశాడు. రాత్రంతా ఖాళీ పెరడు. బకెట్టు మాత్రం ఒకచోట నిండుగా ఉంది, ఆ తర్వాత ఖాళీగా ఉంది. మధ్యలో కరెంటు పోయిందేమో, రికార్డింగ్ తెగిందేమో తనకు తెలియడం లేదన్నాడు. కరెంటు పోతే నేను టీవీ ఎలా చూశాను?

"వైర్‌లెస్‌ది ఒక్కోపారి లేటుగ చూపిస్తది చెల్లె. ఆడు తిని పోయినంక నీకు కనవడ్డదేమో."

"మరి నేను ఛీ అన్నంకనే తినుడు ఆపింది గదన్నా?"

యాదయ్య రికార్డింగ్ మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు.

మా ఆయన మాత్రం వేరే మాట అన్నాడు. మెల్లగా, పాప వినకుండా.

"ఎవరో ఆకలైనోళ్ళు కావచ్చు లతా. మతి సక్కగ లేనోళ్ళు. గసుంటోళ్ళను పట్టుకొని ఛీ అన్నవా?"

ఆ మాట నాకు చేప ముల్లులా గుచ్చుకుంది. నిజమే అయితే? మూడు రోజుల కుళ్ళు తినేంత ఆకలి ఉన్న మనిషైతే? అప్పుడు రోత పడాల్సింది ఎవరిని చూసి? ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

సాయంత్రం ఆయన వైర్‌లెస్ కెమెరాలోని మెమరీ కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టాడు. బొమ్మ సగంలోనే మసకబారిందట. చప్పుడు మాత్రం పూర్తిగా ఉందట. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా విన్నాడు. నేను ఎదురుగా కూర్చుని ఆయన ముఖమే చూస్తున్నాను. తీసేసి, లేచి పోయి, నోరు పుక్కిలించి ఉమ్మి వచ్చాడు.

"ఏమున్నది అండ్ల?"

"ఏం లేదు. నీ గొంతే ఉన్నది. ఛీ అంటున్నవ్."

"అన్న. చెప్పిన గద."

ఆయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటూనే ఉన్నాడు.

"గన్నిసార్లు ఎందుకన్నవ్?"

వైరుదే ఉంచుకున్నాం. ఇల్లంతా నాలుగు. గోడలకు రంధ్రాలు కొడుతుంటే నిచ్చెన పట్టుకున్నది ఆయనే. యాదయ్యను అడిగితే, ఆ మైకుల్లో మన మాటే మనకు తిరిగి వినిపిస్తుంది, అది మామూలే అన్నాడు. కావచ్చు. అలాగే అయి ఉంటుంది. ఎంతసేపు వినిపిస్తుందని మాత్రం నేను యాదయ్యను అడగలేదు. మా ఆయన్ని కూడా అడగలేదు.

కానీ నేను అన్నది ఒక్కసారే.