కంగారూకి పెట్టిన గోగ్రాసం

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కూరగాయల కొట్లో వాళ్ల దగ్గర్నుంచి కౌన్సిల్ వాళ్ల దాకా ఎవరితోనైనా వాదిస్తాను. నిజం చెప్పాల్సిన ఒక్క రోజున మాత్రం నోరు పెగల్లేదు.

మహానగరాలకి దూరంగా ఉండేవాళ్లకిచ్చే రీజినల్ వీసా కోసం మేం నగర శివారు పాయింట్ కుక్ వదిలి, మెల్‌బోర్న్‌కి చాలా దూరంలో ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చాం. మా పెరడు దాటితే పచ్చిక, అదీ దాటితే అడవి. పక్కింట్లో డెబ్బై దాటిన ఆవిడ ఒక్కతే ఉంటుంది. మేం దిగిన రోజునే కేక్ చేసి పట్టుకొచ్చింది.

ఆ ఏడు మామగారి తద్దినానికి వంటంతా చేశాక, గోగ్రాసం పెట్టడానికి ఆవు లేదు. అంటే, ఎదురుగా బోలెడున్నాయి. వాటి చుట్టూ కరెంటు కంచె. ఆ రైతు కంచె కంటే ఘాటు మనిషి. "నా ఆవులకి బయటి తిండి పెట్టొద్దు" అనేశాడు. వీడియో కాల్‌లో శాస్త్రిగారిని అడిగితే, "ఆవు దొరక్కపోతే గడ్డి తినే ఏ ప్రాణికైనా పెట్టండమ్మా, దోషం లేదు" అన్నారు.

సరిగ్గా అప్పుడే పెరట్లోకి ఓ మగ కంగారూ వచ్చింది. నిలబడితే మా ఆయనంత ఎత్తు. అన్నం, బెల్లం, అరటిపండు కలిపిన ముద్ద పళ్లెంలో పెట్టి దూరంగా జరిగాను. మొత్తం తినేసింది. మామగారే తృప్తిగా తిన్నట్టనిపించి నాకు ఏడుపొచ్చింది.

అక్కడితో ఆపాలి. ఆపితే నేనెందుకవుతాను? రోజూ వంట కాగానే మొదటి ముద్ద దానికే. నెల తిరిగేసరికి నా చేతిలోంచే తినేది.

"అమ్మా, యూ కాంట్ ఫీడ్ దెమ్. దే గెట్ డేంజరస్" అంది మా అమ్మాయి.

"నువ్వూరుకో. పుణ్యమే అది" అన్నాను.

"అదేమన్నా మనింటి గేదె అనుకున్నావా? ఆపవే బాబూ" అన్నాడు మా ఆయన. ఆయన మాట ఎప్పుడు విన్నాను గనక.

మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో స్నేహితుల గృహప్రవేశానికని రెండు రోజులు ఊరెళ్లాం. తిండి దొరక్క అది పక్కింటి పెరట్లోకి పోయింది. ఆరేసిన బట్టలు తీసుకుంటున్న ఆవిడ చేతిలో బుట్ట చూసి మీదికొచ్చింది. ఆవిడ బుట్ట అడ్డం పెట్టి తొయ్యబోతే ఎగిరి తన్నింది. మణికట్టు విరిగింది. చేతుల నిండా గోళ్ల గాట్లు.

మేం తిరిగొచ్చిన పూటే వన్యప్రాణుల ఆఫీసరు మా తలుపు తట్టాడు. దానికెవరైనా తిండి పెడుతున్నారా అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. మా పీఆర్, అదే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఇంకా తేలలేదు. మా పేరు మీద కంప్లయింట్ పడితే అంతా పోతుందేమోనని భయపడ్డాను. "లేదండీ, మాకు తెలీదు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

మనుషుల చేతి తిండికి అలవాటు పడి మీదికొచ్చినదాన్ని వదిలిపెట్టలేమన్నాడాయన. మర్నాడు పొద్దున తుపాకీతో వచ్చాడు. వంటింటి కిటికీలోంచి చూశాను. అది పారిపోలేదు. ఆయన చేతుల వైపు చూసుకుంటూ దగ్గరికే వెళ్లింది. నేను కిటికీ మూసేశాను. అయినా ఆ చప్పుడు వినబడింది.

వారం తర్వాత ఆవిడ చేతికి కట్టుతో మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. తప్పంతా తనదేనంది. పిట్టలకి రోజూ గింజలు చల్లేదట. వాటికే అది మరిగుంటుందని ఆఫీసరు చెప్పాడట. మీ పాప ఆడుకునే చోట ఇంత ప్రమాదం తెచ్చిపెట్టాను, ఆ మూగ ప్రాణాన్ని కూడా చంపించాను, నన్ను క్షమించమంటూ ఏడ్చింది.

అప్పుడైనా చెప్పొచ్చు. మా ఆయన కూడా చెప్పమన్నట్టు గొంతు సవరించుకున్నాడు. నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను.

"పర్లేదు ఆంటీ" అన్నాను. "ఇకనుంచైనా కాస్త జాగ్రత్తగా ఉండండి."