మూడొందల గజాల స్కోపు

మచిలీపట్నం బస్టాండులో అవనిగడ్డ బస్సు ఎంతకీ రాలేదు. నేను కూర్చుంటూ, లేస్తూ, ఫోనులో తుపాకీకి బిగించే స్కోపులు చూస్తున్నాను. కృష్ణ మధ్య లంకలో మా మొక్కజొన్నను అడవి పందులు పాడుచేస్తున్నాయి. వాటిని కాల్చడానికి అనుమతి వచ్చింది గానీ, ఏ స్కోపు కొనాలో తేలక వారం రోజులుగా మనసు నిలవడం లేదు.

పక్కన కూర్చున్న పెద్దాయన నా ఫోనులోకి తొంగిచూశారు.

"ఎంత దూరానికండీ?"

"మూడొందల గజాలకండీ. ఇది ఇరవై నాలుగు రెట్లు పెద్దదిగా చూపిస్తుందట."

"నేనూ అలాంటిదే పెట్టించాను. పంది కనురెప్పలు కూడా కనబడ్డాయి. కాలిస్తే దానికి తగల్లేదు. వెనకాల గట్టు మీద గడ్డి కోస్తున్న మా వదిన భుజానికి తగిలింది."

నేను ఫోను జేబులో పెట్టేశాను.

"ఇప్పుడెలా ఉన్నారండీ ఆవిడ?"

"బతికింది. కుడి చెయ్యి లేవదు. ఇప్పటికీ నాకు అన్నం వడ్డిస్తుంది, ఎడం చేత్తో."

ఆయన పిడికిలిని గొట్టంలా చుట్టి కంటికి ఆనించుకున్నారు. "ఇలా చూస్తే పంది ఒక్కటే ఉంటుంది బాబూ," అని చెయ్యి దించేశారు. గుడివాడ బస్సు రాగానే వెళ్లిపోయారు.

నేను నాలుగు రెట్లు మాత్రమే పెద్దదిగా చూపించే చిన్న స్కోపు కొన్నాను. ఎత్తుగా మంచె కట్టించాను, తూటా తప్పినా నేలలోకే పోయేలా. ఇప్పటికీ కాల్చేముందు స్కోపు నుంచి కన్ను తీసి, గట్ల వెంట చివరిదాకా చూస్తాను. ఆ లోపు చాలా పందులు పారిపోయాయి. కాపలాకి తోడొచ్చే మా బావ విసుక్కుంటాడు. పోనిమ్మంటాను.